క్రీమీ కార్న్ కోసం కొన్న గింజల ప్యాకెట్, క్రీమ్ పెట్టె: నెల్లూరు వంటింటి నుంచి ఒక సమీక్ష

చెన్నైలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి అక్కడొక హోటల్లో కాల్చిన కోడిమాంసం పక్కన వడ్డించిన క్రీమీ కార్న్ తిని వచ్చి, అటువంటిది ఇంట్లో చేసిపెట్టమని అడిగాడు. మరునాడే నేను మినీ బైపాస్ మీది ఒక పెద్ద సూపర్ మార్కెట్‌కు వెళ్లి అరకిలో గడ్డకట్టిన స్వీట్ కార్న్ గింజల ప్యాకెట్‌నూ, పావు లీటరు క్రీమ్ పెట్టెనూ కొనుక్కొచ్చాను. ఆ రెండూ చేతిలో ఉంటే పది నిమిషాల్లో వంట అయిపోతుందని ప్యాకెట్ వెనుక అచ్చువేసిన తయారీ విధానం చెబుతోంది. పది నిమిషాల్లో అయిన మాట నిజమే. కాకపోతే అయినది పలుచని పాలలో తేలుతున్న పచ్చని గింజలే తప్ప క్రీమీ కార్న్ కాదు. తప్పు నాదా, గింజలదా, క్రీముదా అన్నది తేల్చుకోవాలని పట్టుబట్టి, నెలన్నరలో తొమ్మిది సార్లు ఈ వంటకం చేశాను. కొన్నిసార్లు ప్యాకెట్ గింజలతోనూ, కొన్నిసార్లు బండి మీద కొన్న కండెలతోనూ, ఒకసారి డబ్బాలో వచ్చే గుజ్జుతోనూ చేసి, రుచిలోనూ ఖర్చులోనూ శ్రమలోనూ ఏది ఎలా ఉందో చూసుకున్నాను.

కొన్న సరుకుల పేర్లు ఇక్కడ రాయడం లేదు. గింజల విషయంలో నాకు ఎదురైన ఇబ్బంది దుకాణం ఫ్రీజర్లో పుట్టినదే తప్ప తయారుచేసిన వారి వల్ల వచ్చింది కాదు, క్రీమ్ విషయంలో ఎదురైనది ఏ సంస్థ పెట్టెతోనైనా ఎదురయ్యేదే. కాబట్టి ఈ సమీక్షను ఒక పేరుకు కాక, ఆ రకం సరుకుకు చేసినదిగా చదువుకోవాలి.

వంటకం సంగతి కాస్త చెప్పుకోవాలి. ఇది అమెరికా వారి వంట. అక్కడ థాంక్స్ గివింగ్ పండుగ భోజనంలో కాల్చిన మాంసం పక్కన గిన్నెలో పెట్టే అనుపానాల్లో ఇదొకటి. పేరులో క్రీమ్ ఉంది కదా అని మనం పెట్టె కోసం పరుగెత్తుతాము గానీ, పాత పద్ధతిలో క్రీమ్ ఉన్నా లేకున్నా తప్పనిసరిగా ఉండేది మరొకటి. గింజలు కోసిన తరువాత బెండును చాకు వెన్నుతో గీరి, గింజల అడుగున మిగిలిపోయిన పాలను గిన్నెలోకి దింపుకుంటారు. ఆ పాలే వేడికి చిక్కబడి గింజలను పట్టుకుంటాయి. ప్యాకెట్‌లో గింజలు వస్తాయి, బెండు రాదు. నా మొదటి వంట పలుచనగా మిగలడానికి అసలు కారణం ఇదేనని తెలిసేసరికి నాలుగు విడతలు గడిచాయి.

ముందు ప్యాకెట్ గురించి చెబుతాను. గడ్డకట్టిన స్వీట్ కార్న్ మీద మనవాళ్లకు ఒక చిన్నచూపు ఉంది, అది ఎప్పటిదో పాత సరుకని, మందులు కలిపి దాస్తారని. నేను కొన్న ప్యాకెట్ మీద పదార్థాల వరుసలో స్వీట్ కార్న్ అన్న ఒక్క మాట తప్ప మరేమీ లేదు, ఉండవలసిన అవసరమూ లేదు. గింజలను ఒలిచిన వెంటనే వేడినీటిలోనో ఆవిరిలోనో కొద్దిసేపు ఉంచి, వాటిలో రుచినీ రంగునూ చెడగొట్టే ఎంజైముల పని ఆపివేస్తారు. తరువాత అతిశీతలమైన గాలిని బలంగా వీచి, ఏ గింజకు ఆ గింజ విడివిడిగా, త్వరగా గడ్డకట్టేటట్లు చేస్తారు. అక్కడి నుంచి మన ఇంటి ఫ్రీజర్ దాకా మైనస్ 18 డిగ్రీలకు మించి వేడి తగలకుండా వస్తే, ఆ గింజ రెండు రోజులు ఎండలో బండి మీద తిరిగిన కండె గింజ కంటే మెరుగ్గానే ఉంటుంది. ఇది నేను పక్కపక్కన వండి చూసుకుని చెబుతున్న మాట.

చిక్కంతా ఆ ప్రయాణంలోనే ఉంది. నేను మొదట తెచ్చిన ప్యాకెట్‌ను ఇంటికొచ్చి తెరిస్తే గింజలు విడివిడిగా లేవు, ఇటుకలాగా ఒకే గడ్డగా ఉన్నాయి, మూలల్లో తెల్లని మంచు పొర పేరుకుని ఉంది. ఎక్కడో ఒకచోట కరిగి, కారిన నీరు మళ్లీ గడ్డకట్టిందనడానికి అదే గుర్తు. అలా నెమ్మదిగా రెండోసారి గడ్డకట్టేటప్పుడు గింజ లోపల పెద్ద మంచు పలుకులు ఏర్పడి కణాల గోడలను చీలుస్తాయి. వేడి తగలగానే ఆ చీలికల నుంచి నీరంతా బయటకు కారిపోయి, పైన తొక్క మాత్రం రబ్బరులాగా మిగులుతుంది. నా బాణలిలో సరిగ్గా అదే జరిగింది: నాలుగు చెంచాల నీరు అడుగున చేరింది, గింజ కొరికితే లోపల ఏమీ లేదు, నోట్లో తొక్కే నిలిచింది. మిగిలిన సగం ప్యాకెట్‌ను పట్టుకుని దుకాణానికి వెళ్తే, ఐస్ సరుకులు వాపసు తీసుకోమని కౌంటర్ దగ్గర ఉన్న అబ్బాయి ఖండితంగా చెప్పాడు. కావాలంటే ఫ్రీజర్ చూద్దాం రమ్మని నేనే తీసుకెళ్లాను. గాజు తలుపు పూర్తిగా మూసుకోవడం లేదు, అంచున రబ్బరు పట్టీ ఊడి వేలాడుతోంది, పై వరుసలోని ప్యాకెట్లు చేతికి మెత్తగా తగులుతున్నాయి. మేనేజరు వచ్చి చూసి, మాట పెంచకుండా డబ్బు తిరిగిచ్చారు. పట్టీ మార్చారో లేదో నాకు తెలియదు గానీ, అక్కడ మళ్లీ కొనలేదు.

రెండో ప్యాకెట్‌ను మాగుంట లేఅవుట్‌లో ఒక చిన్న దుకాణంలో కొన్నాను. ఈసారి డబ్బు ఇచ్చే ముందు ప్యాకెట్‌ను చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూశాను. గింజలు గులకరాళ్లలాగా గలగలమన్నాయి. ఆ శబ్దం వినిపించని ప్యాకెట్‌ను ఎంత తగ్గింపు ధరకు ఇచ్చినా తీసుకోకూడదన్నది నా అభిప్రాయం. మన ఊళ్లో మే నెల ఎండలో ఇంటికి తీసుకురావడం కూడా ఒక పరీక్షే కనుక, ఇతర సరుకులన్నీ కొన్నాక చివరగా దీన్ని తీసుకుని, మందపాటి గుడ్డసంచిలో పాల ప్యాకెట్ల మధ్య పెట్టుకుని వచ్చాను. ఈ గింజలు మొదటివాటితో పోల్చడానికి వీలు లేనంత బాగున్నాయి. కరగనివ్వకుండా నేరుగా వేడి బాణలిలో వేసి, పెద్ద మంట మీద పైనున్న తేమ ఇగిరిపోయేదాకా నాలుగు నిమిషాలు కదిపితే, అంచుల్లో అక్కడక్కడా బంగారు మచ్చలు పడి మంచి వాసన వచ్చింది. ప్యాకెట్ వెనుక రాసిన పద్ధతిలో గింజలను ముందు నీళ్లలో ఉడికించమని ఉంది. అప్పటికే ఒకసారి ఉడికి వచ్చిన గింజను మళ్లీ నీళ్లలో ఉడికించడం వల్ల తీపి నీళ్లలోకి పోవడం తప్ప ప్రయోజనం కనిపించలేదు. ఆ సూచన రాసినవారు ఈ వంట ఒకసారైనా చేసి చూశారా అన్న అనుమానం నాకు ఇప్పటికీ ఉంది.

ఇక కండెలు. మైపాడు తీరంలో నిప్పుల మీద కాల్చి, నిమ్మచెక్కను ఉప్పూకారంలో అద్ది రుద్ది ఇచ్చే నాటు మొక్కజొన్నకూ, ట్రంకు రోడ్డులో కాగితపు కప్పుల్లో వెన్న వేసి అమ్మే స్వీట్ కార్న్‌కూ తేడా మన ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. నేను కొన్నవి స్టోన్‌హౌస్‌పేటలో ఒక తోపుడు బండి మీద. ఆ బండి నడిపే ఆమె పై ఆకులు కొద్దిగా జరిపి, ఒక గింజను గోరుతో గిల్లి, "పాలు చిందితే లేతదక్కా, నీళ్లు కారితే ఇంకా ముదరలేదు, ఏమీ రాకపోతే నువ్వు తీసుకోబాక" అన్నారు. ఆమె చెప్పిన పరీక్ష పెట్టి ఏరితే ఇరవై కండెల్లో ఏడు నిలిచాయి, వాటిలో నాలుగు తీసుకున్నాను. ఆకులు ఒలిచేసి అమ్మే కండెలు చూడడానికి శుభ్రంగా ఉంటాయి గానీ, ఆకులు ఉన్నవే త్వరగా ఎండిపోకుండా ఉంటాయి. పీచు కొస మాత్రం గోధుమ రంగుకు తిరిగి, ఆకుల లోపలి భాగం ఇంకా తడిగా, పచ్చగా ఉన్నది ఎంచుకోవాలి.

గింజలు కోయడంలో నేను చేసిన పొరపాటు చాలామంది చేసేదే. కండెను నిలబెట్టి చాకును బెండుకు ఆనించి కిందికి లాగితే గింజలు మొదలంటా వస్తాయి, వాటితోపాటు బెండు పొట్టు కూడా వస్తుంది, తినేటప్పుడు అది పళ్ల సందుల్లో ఇరుక్కుంటుంది. గింజ ఎత్తులో మూడింట రెండు వంతులు మాత్రమే తెగేటట్లు కోసి, మిగిలిన వంతును బెండు మీదే వదిలెయ్యాలి. తరువాత చాకును తిప్పి, దాని వెన్నుతో బెండును పై నుంచి కిందికి గట్టిగా గీరాలి. మొదటి గీతకు ఏమీ రాదు. రెండోసారి గీరినప్పుడు చాకు ముందు సన్నని తెల్లని అలలాగా పాలు లేస్తాయి, వాటిలో పసుపు రవ్వలాగా గింజ మొదళ్లు కలిసి ఉంటాయి; చెయ్యి జిగటగా అయిపోతుంది, గోడ మీద, మొహం మీద చిందుతాయి. మంచి చీర కట్టుకుని చెయ్యవలసిన పని కాదిది. నాలుగు కండెలకు తూకం వేస్తే గింజలు 430 గ్రాములు వచ్చాయి, పాలు గుజ్జుతో కలిపి ఆరు పెద్ద చెంచాలు వచ్చాయి. ఆ ఆరు చెంచాలను వేడి బాణలిలో పోసి గరిటెతో తిప్పుతుంటే, నిమిషం లోపల గంజిలాగా దగ్గరపడి గరిటెకు అంటుకోవడం మొదలైంది. అందులో ఉన్నది మరేమీ కాదు, గింజలోని పిండి. వేడికి నీటిని పీల్చుకుని ఉబ్బడం దాని గుణం.

అయినా ఒక్కో కండెకు ఒక్కో రకంగా చిక్కబడుతోంది. ఎందుకన్నది ఆరా తీస్తే రకాల తేడా దగ్గరకు వచ్చింది. పాతకాలపు స్వీట్ కార్న్‌లో చక్కెరతోపాటు, నీటిలో కరిగి నోటికి వెన్నలాగా తగిలే ఒక రకమైన పిండిపదార్థం ఎక్కువగా ఉండేది. కోసిన గంటల్లోనే చక్కెర పిండిగా మారడం మొదలై తీపి తగ్గిపోయేది. 1950ల్లో అమెరికాలోని ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంలో జాన్ లాఫ్నన్ అనే వృక్ష జన్యుశాస్త్రవేత్త, ఎండినప్పుడు గింజ ముడుతలు పడిపోయే ఒక మొక్కజొన్న రకంలో చక్కెర చాలా ఎక్కువగా ఉందని గమనించాడు. దాని నుంచి వచ్చినవే నేటి అతితీపి రకాలు. వీటి తీపి రోజుల తరబడి నిలుస్తుంది కనుక దూరం పంపడానికీ, నిల్వకూ, అమ్మకానికీ అనుకూలం. బండి మీద కండె అయినా ప్యాకెట్‌లో గింజ అయినా ఇప్పుడు ఎక్కువగా ఇవే. కానీ తీపి పెరిగినంత మేరా ఆ వెన్నలాంటి పిండిపదార్థం తగ్గింది. గింజ కరకరలాడుతుంది, రసం ఎక్కువగా ఉంటుంది, చిక్కదనం తక్కువ. కప్పులో వేసుకుని తినడానికి ఇది గొప్ప గుణం. క్రీమీ కార్న్‌కు మాత్రం లోటే. దానిని పూడ్చడానికే వంటల పుస్తకాల్లో చెంచా మైదా, పావు కప్పు క్రీమ్ వచ్చి చేరతాయి.

ఇక్కడ నేను చేసిన ఒక మార్పును మా ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. మైదా వెయ్యకుండా, పాలు పట్టిన లేత నాటు కండె ఒకటి తెచ్చి, దాని గింజలను కొయ్యకుండా కొబ్బరి తురిమినట్లు తురిమి, ఆ గుజ్జును స్వీట్ కార్న్‌లో కలిపాను. నాటు గింజలో తీపి తక్కువ, పిండి ఎక్కువ. మన కాల్చిన పొత్తుల వాసన కూడా దానిలో ఉంటుంది. తీపి స్వీట్ కార్న్ నుంచి, చిక్కదనం నాటు కండె నుంచి వచ్చేసరికి, ఉడికిన మైదాకు ఉండే అంటు రుచి లేకుండా వంటకం బాణలిలో ముద్దగా నిలిచింది. గడ్డకట్టిన ప్యాకెట్‌తో చేసేవారికి కూడా ఈ ఒక్క నాటు కండె తోడైతే సగం లోటు తీరుతుంది. నాటు కండెలు దొరకని రోజుల్లో, ప్యాకెట్ గింజల్లో పిడికెడు తీసి పాలు పోసి మిక్సీలో మెత్తగా తిప్పి కలిపాను. అది రెండో స్థానంలో నిలిచింది. మిక్సీలో తిప్పిన గుజ్జును తప్పనిసరిగా వడగట్టాలి, లేకపోతే తొక్కలు నాలుకకు గరుకుగా తగులుతాయి.

ఇక క్రీమ్ పెట్టె సంగతి. దీనిని ఫ్రెష్ క్రీమ్ అంటారు గానీ, నిజానికి ఇది చాలా ఎక్కువ వేడిలో కొద్ది క్షణాలు ఉంచి, సూక్ష్మజీవులు లేకుండా చేసి, గాలి చొరని పెట్టెలో నింపినది. అందుకే తెరవనంత వరకూ దుకాణం వారు దీనిని ఫ్రిజ్‌లో పెట్టకుండా అరలోనే ఉంచుతారు. మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం క్రీమ్‌లో మూడు తరగతులున్నాయి: పాలకొవ్వు 25 శాతానికి తగ్గనిది తక్కువ కొవ్వు క్రీమ్, 40 శాతానికి తగ్గనిది మధ్యస్థం, 60 శాతానికి తగ్గనిది అధికం. అరల్లో దొరికే పెట్టెల్లో ఎక్కువ భాగం మొదటి తరగతివే. నేను కొన్న దాని మీదా 25 శాతమనే ఉంది. అమెరికా వారి తయారీ విధానాల్లో చెప్పే క్రీమ్ 36 శాతానికి తగ్గనిది. ఈ తేడా కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది గానీ, బాణలిలో పెద్దది. కొవ్వు ఎక్కువగా ఉన్న క్రీమ్ మరిగినా విరగదు. కొవ్వు తక్కువగా, పాల మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న క్రీమ్ మాత్రం పులుపు తగిలినా, పెద్ద మంట తగిలినా పలుకులు పలుకులుగా విరుగుతుంది.

ఈ సంగతి నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు, మా గూడూరు నిమ్మకాయ నేర్పింది. మూడో విడతలో వంటకం అంతా సవ్యంగా వచ్చి, రంగూ చిక్కదనమూ కుదిరి, పొయ్యి మీద సన్నగా కుతకుతలాడుతుండగా, కాస్త పులుపు ఉంటే బాగుంటుందనిపించి అరచెక్క నిమ్మరసం పిండాను. ఊపిరి పీల్చి వదిలేలోపల అంచుల నుంచి నీరు విడిపోయి, మధ్యలో సన్నని తెల్లని పలుకులు తేలాయి. చూడడానికి విరిగిన పాలకూ దానికీ తేడా లేదు. రుచి చెడలేదు కనుక పారబోయకుండా చపాతీల్లోకి తిన్నాము. తరువాత నుంచి పద్ధతి మార్చుకున్నాను. క్రీమ్‌ను ముందే ఫ్రిజ్ నుంచి తీసి బయట పెట్టి, పొయ్యి ఆపిన తరువాత, పిండి ద్వారా చిక్కబడిన వంటకంలో చెంచా చెంచాగా కలపాలి. పిండి పట్టిన ద్రవంలో మాంసకృత్తులు ఒకదానికొకటి సులభంగా అంటుకోవు కనుక విరిగే భయం తగ్గుతుంది. నిమ్మరసం కావాలనుకున్నవారు ఎవరి పళ్లెంలో వారు పిండుకోవాలి.

పెట్టె క్రీమ్‌కు బదులు ఇంటి మీగడ వాడవచ్చు కదా అని మా అత్తయ్యగారు మొదటి రోజు నుంచీ అంటూనే ఉన్నారు. మాకు పాలు పోసేవారు తెచ్చేవి గేదెపాలు; కాచి చల్లార్చితే చిటికెన వేలు మందాన మీగడ కడుతుంది. ఆవిడ మాట మీద ఐదో విడతను మీగడతో చేశాను. రుచి విషయంలో పెట్టె క్రీమ్ దాని దరిదాపులకు రాదు, అది ఒప్పుకోవలసిందే. అయితే మీగడ పొరలు పొరలుగా ఉంటుంది, వేడి ఎక్కువైతే నెయ్యి విడిపోయి పైకి తేలుతుంది. పెట్టె క్రీమ్‌లో కొవ్వు బిందువులను యంత్రంలో చిన్నవిగా చీల్చి కలిపేస్తారు కనుక అది అంత త్వరగా తేలదు. నాలుగు చెంచాల మీగడను రెండు చెంచాల గోరువెచ్చని పాలతో కవ్వంతో నురుగు రాకుండా మెల్లగా చిలికి, జల్లెడ పట్టి, పొయ్యి ఆపాక కలిపితే ఆ ఇబ్బంది తొలగిపోయింది. రోజూ పాలు కాచే ఇంట్లో ఈ ఒక్క వంట కోసం పెట్టె కొనవలసిన అవసరం లేదని ఇప్పుడు నేను కూడా ఆవిడ పక్షమే.

పెట్టెకు మరొక లోపముంది. నాలుగు కండెల వంటకు పట్టేది పావు కప్పు క్రీమ్, అంటే పెట్టెలో పావు వంతు మాత్రమే. తెరిచిన తరువాత ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో వాడెయ్యాలి. మిగిలినది పాడవుతుందని ఒకసారి ఐస్ గడ్డల పళ్లెంలో పోసి గడ్డకట్టించాను. కరిగించినప్పుడు నీరు ఒకవైపు, రవ్వలాంటి కొవ్వు ఒకవైపు అయింది. కూరల గుజ్జులో కలపడానికి పనికొచ్చింది గానీ ఈ వంటకు పనికిరాదు. చిన్న పెట్టెలు దొరికే చోట అవే కొనడం మేలు.

డబ్బాలో వచ్చే క్రీమ్ స్టైల్ కార్న్ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. పేరు చూసి అందులో క్రీమ్ ఉంటుందనుకుంటాము. పదార్థాల వరుస చదివితే మొక్కజొన్న గుజ్జు, నీరు, చక్కెర, ఉప్పు, పిండి అని ఉంది, పాల చుక్క లేదు. చైనీస్ హోటళ్లలో స్వీట్ కార్న్ సూప్‌కు వాడేది ఇదే, దానికి ఇది చక్కగా సరిపోతుంది. అనుపానంగా గరిటెతో వడ్డించడానికి మాత్రం అతి తీపి, అతి మెత్తన.

ఖర్చు విషయానికి వస్తే, నేను కొన్న రోజుల్లో అరకిలో ప్యాకెట్ 130 రూపాయలు, క్రీమ్ పెట్టె 70 రూపాయలు, కండె ఒక్కటి 20 రూపాయలు పడ్డాయి. నాలుగు కండెలకు 80 రూపాయలు, ఇంటి మీగడ. ఆకులు ఒలవడం, పీచు తియ్యడం, కోయడం, గీరడం, తరువాత గోడ తుడుచుకోవడం, అన్నీ కలిపి ఇరవై అయిదు నిమిషాలు. ప్యాకెట్‌కు ఇవేవీ అక్కరలేదు. ఉదయం ఆఫీసుకు పరుగెత్తేవారికి ఆ 50 రూపాయల తేడా తేడాయే కాదు, వారు గలగలలాడే ప్యాకెట్ కొనుక్కోవడంలో తప్పేమీ లేదు.

చివరకు నాకు స్థిరపడిన పద్ధతి చెబుతాను. బాణలిలో పెద్ద చెంచా వెన్న కరిగించి, సన్నగా తరిగిన చిన్న ఎర్రగడ్డ ఒకటి, దంచిన తెల్లగడ్డ రెబ్బలు రెండు రంగు మారకుండా మగ్గించి, గింజలు వేసి పెద్ద మంట మీద కదపాలి. కండె గింజలైతే ఏడెనిమిది నిమిషాలు, ప్యాకెట్ గింజలైతే నాలుగు. అందులో అరకప్పు పాలు, గీరిన పాలు, తురిమిన నాటు కండె గుజ్జు వేసి సన్నని సెగ మీద, గరిటె గీసిన దారి ఒక క్షణం మూసుకోకుండా ఉండేదాకా తిప్పాలి. పొయ్యి ఆపి, మీగడ గానీ క్రీమ్ గానీ పావు కప్పు కలిపి, అప్పుడు ఉప్పు, అప్పుడే దంచిన మిరియాలు వెయ్యాలి. చక్కెర వెయ్యమని చాలా చోట్ల రాస్తారు. నేటి కండెలకు అది అక్కరలేదు. చల్లారే కొద్దీ ఇది ఇంకా గట్టిపడుతుంది కనుక, కాస్త జారుగా ఉండగానే దించాలి.

దీనిని దేని పక్కన పెట్టాలన్నది మన ఊళ్లో ఆలోచించవలసిన విషయమే. చేపల పులుసు పక్కన పెట్టి చూస్తే రెండూ ఒకదాన్నొకటి చెడగొట్టుకున్నాయి. చింతపండు పులుపు, మామిడికాయ ముక్కల పులుపు ముందు ఈ తీపి వెలవెలబోయింది, పులుసు రుచి కూడా నిలవలేదు. మిరియాలు, కరివేపాకు వేసి పొడిగా వేయించిన రొయ్యల వేపుడు పక్కన మాత్రం ఇది అక్కడే పుట్టినట్లు అమిరింది. రొయ్య ఘాటుకు నాలుక మండినప్పుడు ఒక చెంచా క్రీమీ కార్న్ నోట్లో వేసుకుంటే పెరుగన్నం చేసే పని చేస్తుంది. మా అబ్బాయి హోటల్లో తిన్న దానికంటే ఇది బాగుందన్నాడు; తల్లి ముందు అలా అనక ఇంకేమంటాడని మావారు నవ్వారు గానీ, రెండోసారి వడ్డించుకున్నది ఆయనే.

నా లెక్కలో గడ్డకట్టిన గింజల ప్యాకెట్‌కు, ఫ్రీజర్ సరిగా ఉన్న దుకాణంలో కొన్నట్లయితే, అయిదుకు మూడున్నర ఇస్తాను. క్రీమ్ పెట్టెకు రెండున్నర. అది చెడ్డదని కాదు, ఈ వంటకు దాని అవసరం మనమనుకున్నంత లేదని. గుజ్జు డబ్బాకు ఒకటి. స్టోన్‌హౌస్‌పేట బండికి నాలుగున్నర, తగ్గిన ఆ అరమార్కు గోడ తుడిచినందుకు. మొన్న తొమ్మిదో విడతలో ఒక గిన్నెడు మిగిలితే, మరునాడు ఉదయం కారం దోశ మీద ఎర్రకారం పూసి, దాని మీద రెండు చెంచాల చల్లని క్రీమీ కార్న్ పరిచి, మడిచి, పెనం మీద అంచులు కరకరలాడేదాకా కాల్చాను. ఇప్పుడు మావారు దాని కోసమే కండెలు తెస్తున్నారు.